పాత కంప్యూటర్ మీద వేసిన అభాండం

కొత్త రూటర్ పెట్టిన సాయంత్రమే నాన్నగారి కంప్యూటర్‌కి నెట్ ఆగిపోయింది. ముందు రోజు దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో ఫోన్లన్నీ కొత్త రూటర్‌కి చక్కగా కలిశాయి. ఆ పాత డెస్క్‌టాప్ ఒక్కటే స్క్రీన్ మూల ఎర్ర ఇంటూ గుర్తు పెట్టుకుని, కేబుల్ పెట్టలేదని చెబుతోంది. చూస్తే కేబుల్ పెట్టే ఉంది.

మా తమ్ముడు డెస్క్‌టాప్ వెనక నుంచి ఆ కేబుల్ పీకి తన లాప్‌టాప్‌కి గుచ్చాడు. కొన్ని సెకన్లకి నెట్ వచ్చింది. "చూశావా అన్నయ్యా, రూటర్ బాగుంది, కేబుల్ బాగుంది. పోయింది దాని లాన్ కార్డే. పన్నెండేళ్ల సిస్టమ్ అది, ఇంకెన్నాళ్లు లాగిస్తావు?" అన్నాడు. (లాన్ కార్డంటే కంప్యూటర్‌ని కేబుల్ ద్వారా నెట్‌కి కలిపే భాగం, మా దాంట్లో అది ఒక చిప్.) తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నాన్నగారు మాత్రం "నిన్నటిదాకా బాగానే ఉందిరా" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. మేమిద్దరం ఆ మాటని పట్టించుకోలేదు. నాలుగు రోజులు నానా తిప్పలు పడ్డాక తేలిందేమిటంటే, ఆ గదిలో ఉన్నదున్నట్టు చెప్పింది ఆ పాత కంప్యూటర్ ఒక్కటే.

నాకు ఆ "పాతదైపోయింది" అనే మాటతోనే పేచీ. కంప్యూటర్‌లో వయసుతో పాడయ్యేవి లేవని అనను. ఫ్యాన్ బేరింగ్ అరుగుతుంది, హార్డ్ డిస్క్ తిరిగి తిరిగి అలిసిపోతుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ నీరసిస్తుంది. లాన్ చిప్‌లో మాత్రం తిరిగేదీ అరిగేదీ ఏమీ లేదు. పిడుగు పడ్డప్పుడు కేబుల్ వెంట వచ్చే కరెంటు పోటుకి పోతుంది, అది నిజమే. కానీ ఆ సాయంత్రం పిడుగూ లేదు, ఉరుమూ లేదు. ఏళ్ల తరబడి పనిచేసిన చిప్ సరిగ్గా రూటర్ మార్చిన పూటే పోవాలని ముహూర్తం పెట్టుకుందా? ఆ ప్రశ్న నేను ఆ రోజే వేసుకోవాల్సింది. "పాతది" అనే మాట ఉంది చూశారూ, అది ప్రశ్న వేసుకోనివ్వదు. జవాబు వచ్చేసినట్టే అనిపిస్తుంది.

సరే, నేను చేసిన ఘనకార్యాలు చెబుతాను. వరస గమనించండి: కుర్చీలోంచి లేవకుండా చేయగలిగినవన్నీ ముందు చేశాను. సీపీయూ బల్ల కింద మూలకి ఉంది. దాని వెనక చూడాలంటే మోకాళ్ల మీద వంగాలి, టార్చ్ పట్టుకోవాలి, దుమ్ము మింగాలి. అందుకే స్క్రీన్ మీద వైద్యం మొదలుపెట్టాను. ఇలాంటి రిపేర్లలో చాలామంది పాటించే క్రమం ఇదేనని నా అనుమానం. ఎక్కడ తప్పుండే అవకాశం ఎక్కువో అక్కడ వెతకం. ఎక్కడ చెయ్యి తేలిగ్గా అందుతుందో అక్కడ వెతుకుతాం.

విండోస్‌లో లోపాలు వెతికే ట్రబుల్‌షూటర్ నడిపాను. అది కాసేపు గుండ్రాలు తిప్పి, కేబుల్ పెట్టమంది. అడాప్టర్‌ని, అంటే ఆ లాన్ కార్డునే, డిజేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేశాను. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ కొడితే ఒకసారి "మీడియా డిస్‌కనెక్టెడ్" (తీగ కలవలేదు) అని వచ్చింది, మరోసారి 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపించింది. ఈ 169.254 చాలామందిని కంగారు పెడుతుంది కానీ నిజానికి అది మంచి సాక్షి. కంప్యూటర్ తనకో అడ్రస్ ఇమ్మని నెట్‌వర్క్‌ని అడుగుతుంది. మామూలుగా రూటర్ ఇస్తుంది. ఎవరూ పలక్కపోతే, తనకు తానే ఆ వరసలోంచి ఒక అడ్రస్ రాసుకుంటుంది. అంటే లోపలి సాఫ్ట్‌వేర్ బతికే ఉంది, అడగాల్సిన మాట అడిగింది, అవతలి నుంచి జవాబు మాత్రం రాలేదు. అందులో ఇంకో సంగతీ ఉంది. తీగలో అసలు సంబంధమే లేకపోతే ఆ అడిగే దాకా కూడా రాదు. ఒకసారి డిస్‌కనెక్టెడ్, ఒకసారి 169.254 అంటే లింక్ వస్తూ పోతూ ఉందని అర్థం. ఇప్పుడు చెబుతున్నాను గానీ ఆ రోజు నాకు తట్టలేదు.

తర్వాత 127.0.0.1కి, అంటే కంప్యూటర్ తనను తాను పిలుచుకునే అడ్రస్‌కి, పింగ్ కొట్టాను, ఉన్నావా అని పిలిచి చూడటం అన్నమాట. జవాబు వచ్చింది. దీంతో లాన్ కార్డు బాగుందో లేదో తెలుస్తుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తెలియదు. ఆ పింగ్ కార్డు దాకా వెళ్లనే వెళ్లదు, సాఫ్ట్‌వేర్ లోపలే తిరిగి వచ్చేస్తుంది. లాన్ కార్డు ఊడబీకి బయటపెట్టినా అది జవాబిస్తూనే ఉంటుంది. మనతో మనం మాట్లాడుకుని ఫోన్ లైను బాగుందనుకోవడం లాంటిది.

రెండో రోజు విండోస్ నెట్‌వర్క్ సెట్టింగులని మొదటికి తెచ్చే విన్‌సాక్ రీసెట్ చేశాను, డ్రైవర్ (చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ వేశాను, ఏదీ కుదరక డిస్క్ తుడిచేసి ఫార్మాట్ కొట్టాను. నేను సిగ్గుపడాల్సింది ఇక్కడే. నేరం జరిగిన గదిని కడిగేసి, ఇప్పుడు ఆధారాలు వెతుకుదాం అన్నట్టుంది ఆ పని. పైగా కొత్తగా ఎక్కించిన విండోస్ 7లో ఆ లాన్ చిప్‌కి డ్రైవర్ లేదు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. అప్పటిదాకా ఒక సమస్య ఉంటే ఇప్పుడు రెండయ్యాయి.

ఆ ముడి విప్పడం మాత్రం తేలికే, ఇలాంటి చోట ఇరుక్కున్నవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నాను. ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ నెట్‌ని పంచే టెథరింగ్ పెడితే ఫోనే లాన్ కార్డులా పనిచేస్తుంది. ఇక ఏ డ్రైవర్ వెతకాలన్నది డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పక్కనున్న పేరు చెప్పదు. దాని ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ అని ఒక వరస ఉంటుంది, అందులో నాలుగక్షరాల వెండర్ నంబరు చూడాలి. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. (ఇంటెల్ 1978లో తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా 8086. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కంపెనీ లాన్ చిప్‌లు అదే నంబరు చెప్పుకుంటాయి. నాకెందుకో అది ముచ్చటేస్తుంది.) మా సిస్టమ్‌లో ఉన్న చిప్ ఏ కంపెనీదో చెప్పను. తప్పు దానిది కాదు కదా.

డ్రైవర్ దొరికింది, వేశాను, ఎర్ర గుర్తు మళ్లీ వచ్చి కూర్చుంది.

మూడో రోజు కాస్త తెలివైన పనే చేశాను. పెన్‌డ్రైవ్ మీద లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, హార్డ్ డిస్క్ జోలికి పోకుండా దాని నుంచే కంప్యూటర్‌ని లేపాను. డిస్క్ మీది విండోస్‌లో లోపమైతే లినక్స్‌లో నెట్ రావాలి. రాలేదు. లాగ్ చూస్తే "లింక్ అప్", "లింక్ డౌన్", "లింక్ అప్", "లింక్ డౌన్" అని జపమాల తిప్పినట్టు వరసగా ఉంది. పరీక్ష మంచిదే, దాన్నుంచి నేను లాగిన తీర్మానం చెడ్డది. "సాఫ్ట్‌వేర్ కాదు, కాబట్టి లాన్ చిప్ పోయింది" అనుకున్నాను. సాఫ్ట్‌వేర్ కాదు అన్నంతవరకే ఆ పరీక్ష చెప్పింది. మిగతాది తమ్ముడి మాట. నా తలలో అప్పటికే కూర్చుని ఉంది, పరీక్ష ఫలితం వచ్చి దాని పక్కన చేరింది, అంతే.

ఆ రాత్రి ఇంకో ప్రయత్నంగా కరెంటు ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, పొద్దుటి దాకా వదిలేశాను. ఇది మంత్రం కాదు, దీనికో కారణం ఉంది. షట్‌డౌన్ చేసిన డెస్క్‌టాప్ పూర్తిగా ఆరిపోదు. పవర్ సప్లై 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. నెట్‌వర్క్ నుంచి పిలుపొస్తే మెషిన్ లేవడానికి వీలుగా లాన్ చిప్‌కి ఆ కరెంటు అందే ఏర్పాటు ఉంటుంది. అందుకే చిప్ ఎక్కడైనా బిగుసుకుపోతే రీస్టార్ట్‌కి లొంగదు, ప్లగ్గు పీకితే లొంగుతుంది. మా దాంట్లో బిగుసుకుపోయిందేమీ లేదు కాబట్టి లాభం కలగలేదు. నష్టం మాత్రం కలిగింది, అదెలాగో తర్వాత చెబుతాను.

నాలుగో రోజు యూఎస్‌బీ లాన్ అడాప్టర్ ఒకటి ఆర్డర్ పెడదామని కూర్చున్నాను. చవకరకం, 100 ఎంబీపీఎస్‌ది, అంటే సెకనుకి వంద మెగాబిట్లు మోసేది. ఆర్డర్ పెట్టేది తమ్ముడి లాప్‌టాప్ నుంచి, నెట్ వస్తున్నది ఆ కేబుల్ నుంచే. రూటర్ అడ్రస్ దేనికో కావాల్సి వచ్చి దాని నెట్‌వర్క్ స్టేటస్ తెరిచాను. స్పీడ్ అన్న చోట 100 ఎంబీపీఎస్ అని ఉంది.

మామూలుగా అయితే దాటిపోయేవాణ్ణి. కానీ ఆ లాప్‌టాప్ పోర్టు 1 జీబీపీఎస్‌ది, అంటే వెయ్యి ఎంబీపీఎస్. కొత్త రూటర్ పోర్టులూ 1 జీబీపీఎస్‌వే, మార్చిందే అందుకు. రెండు వైపులా వెయ్యి మోయగలిగినప్పుడు మధ్యలో వందే ఎందుకు నడుస్తోంది?

ఇక్కడ ఆ కేబుల్ లోపల ఏముందో కాస్త చెప్పాలి. 1973లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్నెట్ (కంప్యూటర్లని కేబుల్‌తో కలిపే ఈ పద్ధతి) మొదలుపెట్టినప్పుడు అది టీవీ కేబుల్ లాంటి కోయాక్సియల్ కేబుల్ మీద నడిచింది. ఇప్పుడు మనం చూసే మెలితిప్పిన తీగల పద్ధతి 1990లో ప్రమాణమైంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. కానీ 10 ఎంబీపీఎస్‌కి రెండు జతలే చాలు, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. 1995లో వచ్చిన 100 ఎంబీపీఎస్ కూడా ఇళ్లలో వాడే రకంలో ఆ రెండు జతల మీదే నడుస్తుంది. నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమరంగు జతలు తొడుగులో ఊరికే పడుంటాయి. 1999లో రాగి తీగ మీద గిగాబిట్, అంటే ఆ 1 జీబీపీఎస్, వచ్చాకే నాలుగు జతలకీ పని పడింది. ఒక్కో జత 250 ఎంబీపీఎస్ చొప్పున, రెండు దిక్కులా ఒకేసారి మోస్తుంది.

మా పాత రూటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ఇన్నేళ్లూ ఆ కేబుల్‌లో రెండు జతలే పనిచేశాయి. గోధుమరంగు జతలో ఒక తీగ బల్ల కాలి పక్కన నలిగి ఎప్పుడు ఊడిందో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమే రాలేదు. గిగాబిట్ రూటర్ వచ్చిన సాయంత్రం మొదటిసారి ఆ తీగ మీద బరువు పడింది.

మరి లాప్‌టాప్‌లో ఎలా వచ్చింది? ఇదే అసలు కిటుకు. కేబుల్ గుచ్చగానే రెండు చివరలూ ముందు ఒక ఒప్పందం చేసుకుంటాయి, దాన్ని ఆటో నెగోషియేషన్ అంటారు. నువ్వెంత మోయగలవు, నేనెంత మోయగలను అని చిన్న చిన్న పల్సులతో అడిగి చెప్పుకుంటాయి. ఈ మాటలన్నీ నారింజ, ఆకుపచ్చ జతల మీదే నడుస్తాయి. ఆ రెండూ బాగున్నాయి కాబట్టి "ఇద్దరం వెయ్యి మోద్దాం" అని ఒప్పందం కుదిరిపోతుంది. తీరా మోయబోతే నాలుగో జత లేదు. మాట ఇచ్చింది ఇద్దరు, మోయాల్సింది నలుగురు. లింక్ నిలబడక పడిపోతుంది. మళ్లీ ఒప్పందం, మళ్లీ పడిపోవడం. కొన్ని చిప్‌లలో డౌన్‌షిఫ్ట్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. కొన్నిసార్లు విఫలమయ్యాక అవి వెయ్యి ఊసెత్తకుండా వందకే ఒప్పుకుంటాయి. లాప్‌టాప్ చేసింది అది. చెప్పకుండా, గోల చెయ్యకుండా సర్దుకుపోయింది. నాన్నగారి కంప్యూటర్ చిప్‌కి ఆ సర్దుబాటు రాదు. కాబట్టి "కేబుల్ లేదు, కేబుల్ లేదు" అని నాలుగు రోజులు మొత్తుకుంది. లోపం సరిగ్గా కేబుల్‌లోనే ఉంది.

నిర్ధారించుకోవడానికి రెండు పనులు చేశాను. అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ అన్న చోట 100 ఫుల్ డ్యూప్లెక్స్ పెట్టాను. రెండు వైపులూ ఒకేసారి మాట్లాడటం ఫుల్, వంతులవారీగా మాట్లాడటం హాఫ్. వెంటనే వెనక లైటు నిలకడగా వెలిగింది. దాన్ని అలాగే వదిలేయమని సలహా చెప్పేవాళ్లు ఉంటారు, నేను వద్దంటాను. కొన్ని డ్రైవర్లలో ఆ సెట్టింగు పెడితే ఒప్పందం మాట్లాడటమే మానేస్తాయి. అవతలి వైపు ఆటోలో ఉన్న రూటర్‌కి స్పీడ్ అర్థమవుతుంది గానీ ఫుల్ డ్యూప్లెక్స్ సంగతి తెలియదు, హాఫ్ అనుకుంటుంది. ఒకరు ఎప్పుడంటే అప్పుడు మాట్లాడతారు, ఇంకొకరు ఒకరి తర్వాత ఒకరం అనుకుంటారు. లైట్లు వెలుగుతాయి, పింగ్ వెళ్తుంది, పెద్ద ఫైలు దించబోతే మాత్రం నత్తనడక. కారణం వెతకడానికి ఇంకో నాలుగు రోజులు కావాలి.

రెండో పని మొదటి రోజే చేయాల్సింది. సీపీయూని మోసుకెళ్లి రూటర్ పక్కన పెట్టి, కొత్త రూటర్ పెట్టెలోనే కవరు విప్పకుండా పడి ఉన్న పొట్టి కేబుల్‌తో కలిపాను. ఆటో మీదే 1 జీబీపీఎస్ వచ్చింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. పన్నెండేళ్ల లాన్ చిప్ వెయ్యికి వెయ్యీ మోసింది.

పెద్ద కేబుల్‌ని ఏం చేశానంటే, నలిగిన చోటు ఒక చివరకి దగ్గర్లోనే ఉంది కాబట్టి అక్కడిదాకా కత్తిరించి కొత్త జాక్ క్రింప్ చేశాను, అంటే తీగల మీద నొక్కి బిగించాను. రంగుల వరస: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతని విడదీసి మధ్యలో నీలం జతని ఎందుకు దూర్చారా అనిపిస్తుంది. అందంగా ఉంటుందని జతలన్నీ పక్కపక్కనే పెట్టేవాళ్లని చూశాను. రెండు చివరలా ఒకేలా పెడితే చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, కేబుల్ మాత్రం సరిగ్గా పనిచేయదు. మూడు, ఆరు పిన్నులకి వెళ్లే తీగలు ఒకదానితో ఒకటి మెలితిరిగిన జతే కావాలి. లేకపోతే పక్క తీగల సొద దీనిలోకి ఎక్కుతుంది.

అంతా అయ్యాక బ్రౌజర్ తెరిస్తే ఒక్క సైటు తెరుచుకోలేదు. ప్రతిదీ "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. ఒక్క క్షణం మళ్లీ అదే మాట నాలుక చివరి దాకా వచ్చింది, పాతదైపోయిందని. ఆపుకుని గడియారం చూశాను. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది. మూడో రాత్రి ప్లగ్గు పీకేశాను కదా, ఆ నష్టం ఇదే. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ. అది ఎప్పుడో అయిపోయింది, ప్లగ్గు ఎప్పుడూ పెట్టే ఉండటం వల్ల బయటపడలేదు. సైట్లు తమ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్లకి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో ఆ మొదలు తేదీ ఇంకా రానే లేదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకున్నాయి. అవును, ఇది మాత్రం వయసు వల్ల వచ్చిందే. కానీ ఇక్కడ కూడా "వయసు" అంటే బాగుపడలేదు, "మూడు వోల్టుల బ్యాటరీ" అంటే బాగుపడింది.

తమ్ముడి వాదన ఇంకా అయిపోలేదు. "నాలుగు రోజులు పోగొట్టుకున్నావు. ఆ యూఎస్‌బీ అడాప్టర్ కొనేసి ఉంటే మర్నాడే అయిపోయేది" అంటాడు. నిజమే, అయిపోయేది. అదే నన్ను భయపెట్టేది. అది 100 ఎంబీపీఎస్ అడాప్టర్ కాబట్టి రెండు జతలే వాడేది. ఆ విరిగిన కేబుల్ మీదే లక్షణంగా నడిచేది. అడాప్టర్ మార్చగానే నెట్ వచ్చింది కాబట్టి పాత చిప్ పోయిందన్నది ఇంట్లో రుజువైన సత్యం అయిపోయేది. ఏ కోర్టూ కొట్టెయ్యలేని రుజువు. కేబుల్ అలాగే ఉండేది, లాప్‌టాప్ అలాగే వందలో నడిచేది, కొత్త రూటర్ కొన్నది ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. వస్తువు మార్చితే బాగుపడటం వేరు, ఆ వస్తువులోనే తప్పుందని తేలడం వేరు. రిపేర్లలో ఈ రెండింటినీ కలిపేయడం వల్ల ఎన్ని మంచి వస్తువులు చెత్తలోకి పోతున్నాయో.

నిజంగా చిప్ పోయిన కేసులు ఉండవా అంటే ఉంటాయి. బాగుందని తెలిసిన పొట్టి కేబుల్, బాగుందని తెలిసిన పోర్టు పెట్టినా లైటు వెలగకపోతే, కంప్యూటర్ లేవగానే ముందు నడిచే బయోస్‌లో ఆన్‌బోర్డ్ లాన్ ఎనేబుల్ అయి ఉండి కూడా డివైస్ మేనేజర్‌లో దాని ఊసే లేకపోతే, లినక్స్‌లోనూ కనబడకపోతే, అప్పుడు పోయిందనండి. యూఎస్‌బీది కొనుక్కోండి. నేను కూడా కొంటాను.

ఒక్క విషయంలో తమ్ముడిదే గెలుపు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సాయం ఆపేసింది, సెక్యూరిటీ సవరణలు రావు. అలాంటిది నెట్‌లో పెట్టడం ఏమిటంటాడు, ఒప్పుకున్నాను. పరీక్షకని పెన్‌డ్రైవ్ మీద తెచ్చిన లినక్స్‌నే డిస్క్ మీదకి ఎక్కించాను. నాన్నగారు రెండు రోజులు ఐకాన్లు వెతుక్కుని తర్వాత అలవాటు పడ్డారు.

క్రింపింగ్ అయిన రోజు తమ్ముడు అదే కేబుల్ మళ్లీ తన లాప్‌టాప్‌కి పెట్టుకుని స్టేటస్ తెరిచాడు. 1 జీబీపీఎస్. "అంటే ఇన్నాళ్లూ నాది వందలోనే నడిచిందా?" అన్నాడు. "ఈ కేబుల్ పెట్టుకున్నప్పుడల్లా" అన్నాను. నాన్నగారు పేపరు మీంచి తలెత్తి, "మరి ఇది ఆ సంగతి చెప్పలేదేం?" అని లాప్‌టాప్ వైపు చూశారు.